కాగితపు కప్పలు

నవంబరు 11

పొద్దుటి నుంచి వాన. బడికి పిల్లలు సగం మందే వచ్చారు. ఇంటి నుంచి పాత తిరుమల క్యాలెండర్లు పట్టుకెళ్ళాను. ఆ కాగితం మందంగా ఉంటుంది, మడత పెడితే సోలిపోకుండా నిలబడుతుంది. గుమ్మంలోనే హెడ్మాస్టరు దేవరాజులు సారు పట్టుకున్నాడు.

"ఏం వనజాక్షి మేడం, స్వామి బొమ్మని కత్తిరించి పాపం మూట గట్టుకుంటావా ఏంది?"

"బొమ్మ ముట్టను సార్. కింద తేదీల ముక్క ఒక్కటే."

"తేదీల ఎనకాల కూడా స్వామే ఉండాడు."

తిరగేసి చూపించాను. వెనకాల తెల్లగా ఉంది. ఆయన చూడలేదు. చూస్తే ఒప్పుకోవాలి కదా.

సాయంత్రం మళ్ళీ అమల సంగతి ఎత్తాడు. జూన్‌లో చేరింది, ఇంతవరకు నోరు విప్పలేదు, ఏమడిగినా గుడ్లప్పగించి చూస్తుంది, ఈ పిల్లకి బుద్ధిమాంద్యం, మండలంలో ప్రత్యేక పిల్లల కేంద్రానికి రాసి పంపించేద్దాం అంటాడు. రెండో తరగతి నాది. నా పిల్ల గురించి ఆయన రాసేదేమిటి? జనవరి దాకా ఆగండి, కాగితాలతో నేను దారికి తెస్తాను అన్నాను.

"తేలేకపోతే?"

"అప్పుడు మీ ఇష్టం సార్."

రోషానికి పోయి అన్నమాటే. అయినా నష్టం లేదు. ఇవాళ కాగితాన్ని ఆకులా మడవడం ఒక్కసారి చేసి చూపించాను. అందరికంటే ముందు చేసింది అమలే. బుద్ధిమాంద్యమట. ఎవరికో!

నవంబరు 13

అమలను తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ వచ్చింది. వీళ్ళు పులికాట్ సరస్సు అవతలి ఒడ్డు వాళ్ళు, తమిళనాడు వైపు. మొన్న వేసవిలో నాలుగు కుటుంబాలు ఇటు వచ్చి మా ఉప్పుదిబ్బ ఊరి చివర గుడిసెలు వేసుకున్నాయి. మగవాళ్ళు చేపల వేటకు పోతారు, ఆడవాళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్డుకు. మిగతా ఊరంతా తెలుగే. వాళ్ళలో బడి ఈడు పిల్ల అమల ఒక్కతే.

"పాప ఎట్ల సదువుతా ఉండాది టీచర్?" అని అడిగింది ఆరోగ్యమ్మ, మాట మాటకీ తడుముకుంటూ.

"బాగానే" అన్నాను.

వెళుతూ వెళుతూ తోడొచ్చిన ఆమెతో అంది: "నల్లవంగ. పావం, నమ్మ పేచ్చు తెరియాదు."

మంచిదట నేను. పాపం, వాళ్ళ మాట రాదట. నేను బోర్డు తుడుస్తూ ఉన్నాను.

నవంబరు 14

బాలల దినోత్సవం. పిల్లలంటే తనకెంత ప్రేమో దేవరాజులు సారు గంటసేపు చెప్పాడు. పిల్లలు ఎండలో నిలబడి విన్నారు.

నవంబరు 19

మధ్యాహ్నం అన్నం దగ్గర, వంట చేసే భారతమ్మ అమలను "ఇంకా యెయ్యాల్నా పాపా?" అని అడిగింది. అమల చూస్తూ నిలబడింది. భారతమ్మ గరిటె ఎత్తి చూపిస్తే అప్పుడు పళ్ళెం చాచింది.

"అరవ పిల్ల గదా సార్, పాపం" అంది భారతమ్మ.

"అరవమైతే మాత్రం, ఆర్నెల్లకి ఒక ముక్క రాదా? పెద్దోళ్ళు ఊరికే అన్నారా, తెలుగు తేట, కన్నడ కస్తూరి, అరవం అధ్వానం అని!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతాడు.

టీచరు ట్రైనింగులో చేరిన మొదటి రోజు పక్కమ్మాయిని "కత్తిరి ఇయ్యి" అన్నాను, కత్తెర అనాల్సింది పోయి. నా యాసంతా అందులో బయటపడింది. ఉన్న రెండేళ్ళూ నన్ను అరవ వనజ అనే పిలిచారు. హాజరు వేసేటప్పుడు లెక్చరర్ కూడా. ఆ రెండేళ్ళలో నా నాలుకను ఉతికి ఆరేసుకున్నాను. ఇప్పుడు నా తెలుగు విన్నవాళ్ళు మీది గుంటూరా అని అడుగుతారు. నగరిలో మా ఇంట్లో, మగ్గాల చప్పుడు మధ్య, అమ్మతో అవ్వతో నేను ఏ భాషలో మాట్లాడుతూ పెరిగానో ఈ బడిలో ఎవరికీ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.

అమలతో ఒక్క మాట వాళ్ళ భాషలో అంటే పోలా అని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ దానికి అలవాటు పడితే తెలుగు ఎప్పటికి నేర్చుకుంటుంది? తెలుగు బడిలో తెలుగే. పిల్ల మంచికే.

నవంబరు 28

ఇవాళ సగం, పావు పాఠం. మాట లేకుండా చెప్పాను. చదరపు కాగితం తీసుకుని రెండుగా మడిచి, విప్పి, ఒక వైపు రంగు వేసి చూపించాను. తరువాత నాలుగు వేళ్ళు ఎత్తాను. మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే అమల మడిచేసింది, విప్పింది, నాలుగు గళ్ళలో ఒకదానికి రంగు వేసింది. ఎనిమిది నేను చెప్పనే లేదు. తనే మళ్ళీ మడిచి ఎనిమిది చేసి చూపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈ పద్ధతికి ఒక పేరు పెట్టాను. కాగితానికి భాష లేదు. అట్ట మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాను.

దేవరాజులు సారు అట్ట ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. "బాగుండాది మేడం. ఆఫీసర్లు వచ్చినప్పుడు సూపిద్దాం." అమల కాగితం చూపించాను. "పక్క పిల్లని సూసి చేసింటాది" అన్నాడు.

డిసెంబరు 4

తుపాను. బడికి సెలవు. అమ్మ ఫోన్ చేసింది. ఇంటి ఓనరమ్మ వరండాలోనే ఉంది, అందుకని తెలుగులో మాట్లాడాను. అమ్మ వెంటనే "యారుడీ పక్కత్తుల?" అని అడిగింది, పక్కన ఎవరున్నారని. ఆమెకీ అలవాటైపోయింది.

డిసెంబరు 5

వాన ఆగలేదు. షెడ్డు రేకులు లేచిపోయాయట. బడి చెక్కుచెదరలేదు, మా అదృష్టం.

జనవరి 19

తిరుపతి నుంచి శుక్రవారం ముగ్గురు ఆఫీసర్లు వస్తున్నారు. నా పద్ధతి నచ్చితే అక్కడ జిల్లా టీచర్ల ముందు నేను పాఠం చేసి చూపించాలి. చేసి చూపించాలి! ఇన్నేళ్ళకు.

వాళ్ళ కోసం గంతుల కప్ప తయారు చేశాను. కాగితాన్ని కప్పలా మడిచి, వెనక భాగాన్ని వేలితో నొక్కి వదిలితే ఎగిరి పడుతుంది. నేల మీద సుద్దతో గళ్ళు గీసి అంకెలు వేస్తాను. ఏడో గడిలో ఉన్న కప్ప మూడు గళ్ళు ఎగిరితే ఎక్కడ పడింది? కూడిక వచ్చేసినట్టే. వెనక్కి తిప్పితే తీసివేత. ఈ వారమంతా ఇదే నేర్పాలి.

అమల రావడం లేదు. అవతలి ఒడ్డున చర్చి పండుగట, నాలుగు గుడిసెల వాళ్ళూ పడవల మీద పోయారు. ఆ పిల్లనే అందరికంటే ముందు నిలబెడదామనుకున్నాను. దేవరాజులు సారు మొహం అప్పుడు చూడాలి.

జనవరి 22

అమల వచ్చింది. కప్ప నేర్పడానికి టైము లేదు. గోడలకు రంగు కాగితాలు అంటించడంతోనే సాయంత్రమైంది. ఫరవాలేదు, రేపు నేను చేసి చూపిస్తాను కదా, చూస్తే చాలు ఆ పిల్లకి.

జనవరి 23

అమల నన్ను నిలువునా ముంచేసింది.

జనవరి 24

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

మొదట అంతా బాగానే జరిగింది. పెద్దాఫీసరు గోడ మీద అట్ట చూసి "కాగితానికి భాష లేదు! భలే అన్నారు మేడం" అన్నాడు. సగం, పావు అయిపోయాయి. కప్ప పాఠానికి నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఆపాడు.

"మీరు చూపించొద్దు. పిల్లలకి ఎంత వచ్చిందో నేను చూస్తా." పిల్లల వైపు తిరిగి, "అందరూ కప్పలు చేయండి" అన్నాడు.

అమల లేచింది. ఎన్నడూ లేంది చెయ్యెత్తి లేచింది. మొహమంతా నవ్వు. అక్కడే నిలబడి గబగబా మడిచి, అందరికంటే ముందు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పడవ. అది కూడా మామూలు పడవ కాదు, ముందు కత్తిలా మొన పొడుచుకొచ్చే పడవ. పెట్టి ఏదో అంది.

"ఇదేం కప్ప పాపా?" అన్నాడు ఆఫీసరు.

"ఈ కప్పకి తెడ్డు యాడ సార్!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆఫీసరు దేవరాజులు సారు వైపు చూశాడు. "రెండో తరగతిలో కప్పకీ పడవకీ తేడా తెలీదా?"

"నేను మొదట్నించీ సెప్తానే ఉండా సార్. బుద్ధిమాంద్యం. మేడమే ఆగమనింది."

అప్పుడు నా వైపు తిరిగాడు. "క్లాసు టీచరు మీరు. మీరేమంటారు?"

ఉన్నదే చెప్పాను. కొంచెం వెనకబడిన పిల్లే సార్ అన్నాను. అబద్ధమా? కప్పలు చేయమంటే పడవ చేసింది, అందరూ చూశారు. కేంద్రానికి పేరు రాయమని చెప్పి ఆయన మిగతా పిల్లల కప్పల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను ఆ మాట అంటున్నప్పుడు అమల నన్నే చూస్తోంది. ఇంకా నవ్వుతూనే ఉంది, అర్థం కాక.

జనవరి 25

ఎందుకు చేసిందో నాకెలా తెలుస్తుంది? ముఖ్యమైన వారమంతా బడి మానేసి పండుగలకు పోతే పిల్లకి కప్పలెలా వస్తాయి? తల్లిదండ్రులకు ఉండాలి. మధ్యలో టీచర్ని అంటారు.

జనవరి 27

తిరుపతికి నన్ను ఎంపిక చేశారు. దేవరాజులు సారు కొండ లడ్డు తెచ్చి పెట్టాడు.

"సూడు మేడం, ఆ ఒక్క పిల్ల కోసం మొండికేసుంటే ఇది వచ్చుండేదా?"

లడ్డు తీసుకున్నాను. తిన్నాను కూడా.

జనవరి 29

అమల మంగళవారం నుంచి రావడం లేదు. జ్వరమేమో అనుకున్నాను. అనుకున్నానని రాసుకుంటున్నాను, అంతే. అడగలేదు. ఇవాళ భారతమ్మే చెప్పింది. సోమవారం జెండా పండుగ కాగానే నేను వెళ్ళిపోయాక ఆరోగ్యమ్మ వచ్చిందట. మిగతా తల్లుల ముందే దేవరాజులు సారు ఆమెతో చెప్పాడట, నీ కూతురికి బుద్ధి సరిగా లేదు, కేంద్రానికి తీసకపో అని.

"ఆ యమ్మ, వనజాక్షి టీచర్ కూడా అట్లే అనిందా అని ఒక్క మాట అడిగింది. సారు, ఆమే ఆఫీసరుకి సెప్పింది పో అన్నాడు. పాప జడ సరిజేసి, సెయ్యి పట్టుకోని ఎల్లిపోయినాది."

భారతమ్మ ఇంకా నిలబడే ఉంది, నేను ఏదో అంటానని. గిన్నెలు కడగలేదా అని అడిగాను.

ఫిబ్రవరి 2

ఆ పడవ నా సంచిలోనే ఉంది. ఆఫీసర్లు వెళ్ళాక బల్ల మీద నుంచి నేనే తీశాను. ఊడ్చేస్తారని తీశాను.

మా అవ్వ చేసేది ఇలాంటివి, నగరిలో, నూలు కట్టలకు చుట్టి వచ్చే ముదురు నీలం కాగితంతో. వాన పడి వీధిలో నీళ్ళు పారితే మేమంతా వరసగా వదిలేవాళ్ళం. మొన దగ్గర మడత చాలా కష్టం, ఎంత నేర్పినా నాకు రాలేదు. అవ్వ దాన్ని కత్తి కప్పల్ అనేది.

కప్పల్ అంటే పడవ.

రాసేశాను. ఇక మిగతాది కూడా రాస్తాను. ఆఫీసరు కప్పలు అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకుండా ఇన్ని నెలలు కూర్చున్న బడిలో ఆ పిల్లకి మొదటిసారి ఒక మాట అర్థమైంది. తన ఇంటి మాట. అందుకే లేచింది, అందుకే నవ్వింది. పడవ పెట్టి ఏదో అంది అని పైన రాశాను. ఏదో కాదు. కప్పల్ అంది. మా బడిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆ గదిలో పెద్దవాళ్ళలో అది అర్థమైంది నాకొక్కదానికే.

తరువాత ఎప్పుడో తట్టింది కాదు. అప్పుడే తెలుసు. ఆమె చెయ్యెత్తినప్పుడే తెలుసు. సార్, వాళ్ళ భాషలో కప్పల్ అంటే పడవ, పిల్ల సరిగ్గానే చేసింది. ఈ మాట నా నోటి చివరి దాకా వచ్చింది. మీకెలా తెలుసు మేడం అని ఆయన అడుగుతాడు. దేవరాజులు సారు చెవులు రిక్కిస్తాడు. ఆ భయంతో మింగేశాను. ఇంత వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేస్తూ, ఎవరో నన్ను అరవ వనజ అంటారని ఒక పసిపిల్లను మందబుద్ధిని చేశాను.

ఫిబ్రవరి 7

తిరుపతి. హాలు నిండా టీచర్లు. నా అట్టను ఫ్లెక్సీ చేయించి వేదిక వెనక కట్టారు. సగం, పావు చూపించాను. కప్పలు మొదలుపెట్టాను. ముందు వరసలో ఒకామె లేచింది, గీతాంజలి అట, సత్యవేడు వైపు బడిలో చేస్తుందట.

"మేడం, మా బడిలో ఈ పాఠం సెప్పాలంటే ముందే ఒక మాట సెప్పాల్సొస్తాది. మా పిల్లోళ్ళు సగం మంది ఇండ్లల్లో తమిళమే. కప్పలు సెయ్యండ్రా అంటే పడవలు సేసి పెడతారు!"

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. పక్కన కూర్చున్నాయన "మా కాడా అదే కత" అన్నాడు. ఎవరో రాసుకున్నారు కూడా. అంతే. ఇంత సులువు.

మైకు నా చేతిలో ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు.

"అవునా? నాకు తెలీదే!" అన్నాను.

ఎందుకన్నాను? ఎవరు అడిగారు? ఆ హాల్లో దేవరాజులు సారు కూడా లేడు. చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఛీ.

ఫిబ్రవరి 8

ఆదివారం. ఎక్కడికీ పోలేదు.

ఫిబ్రవరి 9

గోడ మీది అట్ట పీకేశాను. దేవరాజులు సారు గదికి వెళ్ళి అమల విషయం మాట్లాడాలి అన్నాను.

"ఆ పిల్లకి ఏమీ లేదు సార్. తమిళంలో కప్పల్ అంటే పడవ. అందుకే పడవ చేసింది."

"నీకెట్ల తెల్సు?"

చూడు, అదే ప్రశ్న. "తిరుపతిలో ఒక టీచర్ చెప్పింది సార్" అన్నాను. ఇంకా మారలేదు నేను.

"పోయిన పిల్ల సంగతి ఇప్పుడెందుకు మేడం? వాళ్ళమ్మ వచ్చి టీసీ అడిగింది, ఇచ్చి పంపేసినా. కేంద్రం గోల కూడా లేదు మనకి."

ఫిబ్రవరి 10

బడి వదలగానే రొయ్యల షెడ్డుకు వెళ్ళాను. పడవ సంచిలో ఉంది, అమల చేతికే ఇవ్వాలని. ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. కింద ఐసు కరిగి పారుతోంది. ఆరోగ్యమ్మ నన్ను చూసి గబుక్కున లేచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, తన పీట నాకు జరిపింది.

"రాండి టీచర్. కూసోండి."

తిట్టి ఉంటే బాగుండేది. నిలబడే, పాప ఏది అని అడిగాను.

"మా యమ్మ కాడ ఇడిసిపెట్టినా, అవతల. ఆడ బడిలో యేసినారు, ఒకటో తరగతిలో. ఈడ సదువు రాలేదని."

నన్ను ఓదార్చడానికి ఆమే అంది, "మీరేం జేస్తారు టీచర్, పావం. మీకు మా మాట రాదు, పాపకి మీ మాట రాదు."

ఆ పావం నేను భరించలేకపోయాను. తమిళంలో చెప్పేశాను. తప్పు నాది, పిల్లది కాదు. అందరికంటే తెలివైన పిల్ల. కప్పల్ అని అర్థమైంది కాబట్టి కప్పల్ చేసింది, సరిగ్గా చేసింది, వెనక్కి తీసుకురా, నేను చదివిస్తాను. ఎక్కడా తడబడలేదు. మా అమ్మ మాట్లాడే నగరి తమిళం, నోట్లో ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నట్టు వచ్చేసింది.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి.

"టీచర్‌కు తమిళ్ తెరియుమా?" అంది ఆరోగ్యమ్మ నెమ్మదిగా.

"తెరియుం."

ఎప్పటి నుంచి అని అడిగింది. పుట్టినప్పటి నుంచి అన్నాను. ఆఫీసర్లు వచ్చిన రోజు కూడా తెలుసా అని అడిగింది. తెలుసు అన్నాను. ఆ ఒక్క ప్రశ్నకైనా అబద్ధం చెప్పలేదు.

ఆమె నాకు జరిపిన పీటను తన వైపు లాక్కుని కూర్చుంది. ఒక రొయ్య తీసుకుని తల విరిచింది. తరువాత, తడుముకుంటూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ తెలుగులో అంది:

"మీకు రాదనుకున్నాం టీచర్. రాదు గాబట్టే మాకు కోపం రాలేదు."

నేను తమిళంలోనే ఏదో అనబోయాను. ఆమె తలెత్తలేదు. "పొద్దు పోయినాది, ఎల్లండి" అంది, అది కూడా తెలుగులోనే. నాతో తన భాషలో మాట్లాడటం ఆమెకు ఇష్టం లేదు.

పడవ ఎవరికిచ్చేది? తిరిగి సంచిలోనే వచ్చింది.